బల్ల మీది రాయిలో శక్తి ఎక్కడ ఉంటుంది?

ప్రశ్న: రెండు కిలోల రాయిని మూడు మీటర్ల ఎత్తుకు చేరిస్తే దానికి స్థితిజశక్తి వస్తుందని చదువుకున్నాం. కదలకుండా ఉన్న రాయిలో ఈ శక్తి ఎక్కడ దాగి ఉంటుంది? అదే రాయి గోతిలో ఉంటే స్థితిజశక్తి ఋణాత్మకమని అంటారు. శక్తి సున్నా కంటే తక్కువ ఎలా అవుతుంది? అసలు ఇది నిజంగా ఉన్నదేనా, లేక లెక్క సరిపోవడానికి కల్పించుకున్నదా?

జవాబు: ముందుగా చెప్పవలసింది, ఆ శక్తి రాయి ఒక్కదానిదే కాదు. రాయిని పైకెత్తడమంటే రాయికీ భూమికీ మధ్య దూరం పెంచడం. గురుత్వాకర్షణకు ఎదురుగా మనం చేసిన పని, ఆ రెండూ కలిసిన వ్యవస్థలో స్థితిజశక్తిగా నిలుస్తుంది. రాయిని వదిలేస్తే అది భూమి వైపు కదిలినట్టే భూమి కూడా రాయి వైపు కదులుతుంది. అయితే ఇలా దగ్గరయ్యే రెండు వస్తువుల్లో దేని ద్రవ్యరాశి ఎక్కువో దానికి గతిజశక్తిలో, అంటే కదలిక వల్ల వచ్చే శక్తిలో, వాటా తక్కువ గనుక, భూమి వాటా లెక్కలోకి రానంత చిన్నదై, మొత్తం శక్తి రాయిదే అన్నట్టు కనిపిస్తుంది. అంతరిక్షంలో సమాన ద్రవ్యరాశి గల రెండు గోళాలు నిశ్చలస్థితి నుంచి మొదలై ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ దగ్గరైతే, ఆ శక్తిని చెరిసగం పంచుకుంటాయి; అక్కడ దీన్ని ఏ గోళానికి చెందినదని అంటాం? పాఠ్యపుస్తకాలు సౌలభ్యం కోసం ‘రాయి స్థితిజశక్తి’ అని రాస్తాయి. ఆ సౌలభ్యమే తరువాతి తికమకకు చాలావరకు కారణమని నా అభిప్రాయం.

ఇక సున్నా సంగతి. మీ రాయిని మూడు మీటర్లు ఎత్తడానికి చేయవలసిన పని 2 × 9.8 × 3, అంటే 58.8 జౌళ్లు. నేలను సున్నాగా తీసుకుంటే, పైన ఉన్నప్పుడు స్థితిజశక్తి 58.8 జౌళ్లు, నేల మీద సున్నా. ఆ మూడు మీటర్ల ఎత్తునే సున్నాగా తీసుకుంటే, పైన సున్నా, నేల మీద మైనస్ 58.8. ఎలా లెక్కించినా రాయి నేలను తాకే వేగం సెకనుకు సుమారు 7.7 మీటర్లే, ఎందుకంటే కదలికను నిర్ణయించేది రెండు స్థానాల మధ్య తేడాయే. కాబట్టి ఋణ సంకేతానికి అర్థం ‘శక్తి లేమి’ కాదు. మనం ఎంచుకున్న సున్నా స్థానానికి చేర్చాలంటే బయటి నుంచి అంత శక్తి ఇవ్వాలని మాత్రమే. ఖగోళ లెక్కల్లో వస్తువులు ఒకదానికొకటి అనంత దూరంలో ఉన్న స్థితిని సున్నాగా తీసుకుంటారు. అప్పుడు భూమి ఉపరితలం మీద ఉన్న కిలో ద్రవ్యరాశికి స్థితిజశక్తి సుమారు మైనస్ 6.25 కోట్ల జౌళ్లు. ఈ లోటును పూడ్చేంత గతిజశక్తి కావాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం ఉండాలి. పలాయన వేగం అంటే ఇదే.

స్థితిజశక్తి అన్ని బలాలకూ ఉండదు. వస్తువును ఒకచోటి నుంచి మరొకచోటికి ఏ దారిన తీసుకువెళ్లినా బలం చేసే పని మారకపోతేనే, ఆ స్థానానికి ఇంత శక్తి అని చెప్పడం సాధ్యం. గురుత్వాకర్షణ, స్ప్రింగు బలం, నిశ్చల ఆవేశాల మధ్య విద్యుద్బలం ఇలాంటివే. వీటిని నిత్యత్వ బలాలంటారు. ఘర్షణకు ఈ గుణం లేదు. పెట్టెను గదిలో చుట్టుదారిన ఈడిస్తే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, తిరిగి మొదటి చోటికి తెచ్చినా అది మనకు దక్కదు, వేడిగా మారిపోతుంది.

ఇది కల్పన కాదా అన్న అనుమానం తేలికగా కొట్టివేయదగింది కాదు. 1853లో స్కాట్లాండు ఇంజనీరు విలియం రాంకిన్ శక్తిని ‘వాస్తవ శక్తి’, ‘స్థితిజశక్తి’ అని రెండు తరగతులుగా విడదీసినప్పుడే, రెండోది వాస్తవం కాదేమో అనుకోవడానికి చోటు ఇచ్చినట్టయింది. సున్నాను మన ఇష్టానికి మార్చుకోగలగడం కూడా అనుమానాన్ని పెంచుతుంది. కాని ద్రవ్యరాశి, శక్తి ఒకదానికొకటి సమానమని ఐన్‌స్టీన్ 1905లో చూపిన తరువాత ఈ ప్రశ్నను తూకం వేసి పరీక్షించడం సాధ్యమైంది. ప్రోటాను, న్యూట్రాను కలిసి డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) కేంద్రకం ఏర్పడేటప్పుడు సుమారు 22 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే అతి చిన్న ప్రమాణం) శక్తి గామా కిరణంగా బయటికి పోతుంది. ఏర్పడిన కేంద్రకం ద్రవ్యరాశి, విడివిడిగా ఉన్న ఆ రెండు కణాల మొత్తం కంటే సరిగ్గా అంతకు తగ్గట్టే తక్కువగా ఉంటుంది. ఈ తరుగుదల ఏ ఒక్క కణానిదీ కాదు, జంటది.

మిగిలింది ‘ఎక్కడ’ అన్న మాట. విద్యుదావేశాల విషయంలో దీనికి చక్కటి జవాబు ఉంది: శక్తి వాటి చుట్టూ, వాటి మధ్య ఉన్న క్షేత్రంలో, అంటే వాటి ప్రభావం వ్యాపించిన ప్రాంతంలో, పరచుకొని ఉంటుంది, ఏ చోట ఎంత ఉందో క్షేత్ర తీవ్రత వర్గాన్ని బట్టి లెక్కించవచ్చు. గురుత్వాకర్షణ దగ్గర మాత్రం ఇంత సులువు కాదు. సాధారణ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం, స్వేచ్ఛగా పడుతున్న వ్యక్తికి తన పరిసరాల్లో గురుత్వ క్షేత్రమే కనిపించదు. అందుచేత ఆ క్షేత్ర శక్తిలో ఇంత భాగం ఫలానా బిందువు దగ్గర ఉందని అందరికీ ఒకేలా చెప్పడానికి వీలు లేదు. భూమి, రాయి కలిసిన మొత్తం వ్యవస్థకు ఇంత శక్తి ఉందని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు.