కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు

ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ ఇంటిపేరుకు అర్థం పత్తి అనేనా, ఆయన పూర్వీకులు పత్తి వ్యాపారులా అని అడిగారు. కాదు. చిన్నప్పుడు నేనూ మీలాగే అనుకున్నాను. మాది ధవళేశ్వరానికి దగ్గరి ఊరు. కాటన్ అంటే పత్తి అని ఇంగ్లీషు మాస్టారు చెప్పిన రోజు, మా డెల్టా అంతా వరి పండేలా చేసిన మనిషికి పత్తి పేరేమిటని పిల్లలమంతా నవ్వుకున్నాం. అసలు సంగతి తెలిసింది ఉద్యోగానికి కేంబ్రిడ్జి వచ్చాకే.

కేంబ్రిడ్జికి పడమరగా రెండు మైళ్ల దూరంలో ఒక చిన్న పల్లె ఉంది. బోర్డు మీద దాని పేరు చూసి మా కాటన్ దొరే గుర్తొచ్చాడు, కాకపోతే పేరులో ఒక ‘టి’ తక్కువ. బస్సెక్కి “కాటన్‌కు ఒక టికెట్” అన్నాను. డ్రైవరు ఒక క్షణం ఆలోచించి “కోటనా?” అని టికెట్ చింపి ఇచ్చాడు. ఆ ఊరిని అలాగే పలుకుతారట. ఆ పలుకుబడిలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది.

పాత ఇంగ్లీషులో ‘కాట్’ అంటే గుడిసె, పాక. ‘కాటుం’ అంటే గుడిసెల దగ్గర. నాలుగు గుడిసెలు ఉన్న చోటును అలా పిలిచారు, అదే ఊరిపేరుగా స్థిరపడింది. మనకూ పాక, గుడిసె అనే ఇంటిపేర్లు ఉన్నాయి కదా, అలాంటిదే. బట్టల కాటన్ దారి వేరు. అరబ్బీ ‘కుత్న్’ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. రెండు మాటలూ చివరికి ఒకే స్పెల్లింగులో కలిశాయి. చుట్టరికం మాత్రం లేదు.

ఈ కోటన్లు ఇంగ్లాండులో ఒకటీ రెండూ కావు. మధ్య జిల్లాల్లో అడుగడుగునా తగులుతాయి. వార్విక్‌షైర్‌లో ఛిల్వర్స్ కోటన్, డెర్బీషైర్‌లో కోటన్ ఇన్ ది ఎల్మ్స్, స్టాఫర్డ్‌షైర్‌లో ఏకంగా కాటన్ అనే ఊరే ఉంది. కాబట్టి కాటన్లందరికీ ఒకే మూలపురుషుడు ఉన్నాడనుకోవడం పొరపాటు. ఒకే ఇంటిపేరుతో వేర్వేరు గోత్రాల వాళ్లు మనలో లేరా? పాత ఇంగ్లీషు వీరగాథ ‘బేవుల్ఫ్’ కావ్యం రాతప్రతిని దాచిన సర్ రాబర్ట్ కాటన్‌ది హంటింగ్డన్‌షైర్ కుటుంబం. మన ఆర్థర్ కాటన్‌ది చెషైర్‌లోని కాంబర్మియర్ కాటన్ల శాఖ. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు, 1539లో, కాంబర్మియర్ మఠం జార్జ్ కాటన్ అనే రాజోద్యోగి చేతికి వచ్చింది. ఆ వంశంలోని హెన్రీ కాల్వ్‌లీ కాటన్‌కు పదో కొడుకుగా 1803లో ఆర్థర్ పుట్టాడు. ఇంట్లో అంతమంది మగపిల్లలుంటే ఆస్తి అందరికీ సరిపోదు కాబట్టి ఇండియా బాట పట్టడంలో వింతేమీ లేదని నా ఊహ.

నా సొంత అనుభవానికి వస్తాను. మా ఆఫీసులో నా పక్క సీటు ఆమె ఇంటిపేరు కాటన్. వాళ్లది లాంకషైర్. ‘మేం బట్టల మిల్లుల వాళ్లం, అందుకే ఈ పేరు’ అని వాళ్ల తాతగారు చెప్పేవారట. నేను ఉత్సాహం పట్టలేక, నీ వంశవృక్షం నేను తీస్తానని మాట ఇచ్చేశాను. ఏడు శని ఆదివారాలు దానికే పోయాయి.

ఇంగ్లాండులో ఇలాంటి వెతుకులాటకు సదుపాయాలు బాగానే ఉన్నాయి. జననమరణాల ప్రభుత్వ నమోదు 1837 జులైలో మొదలైంది. చర్చి రిజిస్టర్లు 1538లోనే పెట్టించారు గానీ అన్ని ఊళ్లలోనూ మిగల్లేదు. పదేళ్లకోసారి జరిగే జనగణనలో 1851 నుంచి పుట్టిన ఊరు కూడా రాశారు. 1841 దాంట్లో, ఉన్న జిల్లాలోనే పుట్టారా లేదా అన్నంత వరకే దొరుకుతుంది. అక్కడే చాలామంది దారి తప్పుతారు.

1871 జనగణనలో ఆమె ముత్తాతల ఇల్లు దొరికింది. లాంకషైర్ మిల్లు ఊరే. కానీ పుట్టిన ఊరి గడిలో ఛిల్వర్స్ కోటన్ అని ఉంది! పదేళ్లు వెనక్కి వెళితే వాళ్లు అక్కడే ఉన్నారు, పట్టు రిబ్బన్లు నేసేవాళ్లుగా. కవెంట్రీ చుట్టుపక్కల ఆ రోజుల్లో అదే బతుకుతెరువు. 1860లో ఫ్రాన్సుతో కుదిరిన వాణిజ్య ఒప్పందం వల్ల ఫ్రెంచి పట్టు సుంకం లేకుండా దిగింది. మగ్గాలు ఆగిపోయాయి. కొందరు లాంకషైర్ మిల్లులకు, మరికొందరు అమెరికా, కెనడాలకు వలసపోయారు. అంటే పట్టు నేసిన కాటన్లు పత్తి మిల్లులో చేరారు. పేరు మిల్లు కంటే ఎన్నో వందల ఏళ్లు పెద్దది, తాతగారి కథ మిల్లులో పుట్టింది.

ఇక నా తప్పు. ఛిల్వర్స్ కోటన్‌లో కాటన్లు దొరకగానే మూలం దొరికిపోయిందని ఆమెకు గొప్పగా చెప్పేశాను. ఆ రాత్రి పడుకున్నాక అనుమానం వచ్చింది. మా ఊళ్లో కడియం వారున్నారు. వాళ్లు కడియంలోనే ఉండిపోతే కడియం వారని ఎవరంటారు? ఊరు దాటిన మనిషికే ఊరిపేరు అంటుకుంటుంది. అందరూ కోటన్ వాళ్లే అయిన ఊళ్లో ఒకడిని ప్రత్యేకంగా కోటన్ వాడు అనడం ఎందుకు? ఈ కుటుంబానికి పేరు ఇచ్చింది బహుశా ఇంకో కోటన్ అయ్యుంటుంది. ఇంగ్లాండులో ఇంటిపేర్లు దాదాపు 1400 నాటికే తరతరాలకూ స్థిరపడ్డాయి. ఆ తర్వాతి నాలుగైదు శతాబ్దాల్లో మనుషులు ఎన్ని ఊళ్లు మారి ఉంటారు! మర్నాడు టీ తాగుతూ ఆమెకు ఈ మాట చెప్పి తప్పు ఒప్పుకున్నాను. రాత కూడా నమ్మదగ్గది కాదు. పెళ్లి రిజిస్టరులో ఒకే పేజీలో ఆ పేరును మూడు రకాలుగా రాశారు. పెళ్లికొడుకు సంతకం చోట ఒక ఇంటూ గుర్తు ఉంది, అంతే. పలికింది వాళ్లు, రాసింది పాదిరిగారు.

అట్లాంటిక్ దాటిన కాటన్ల కథ ఇంకా పెద్దది. ఇంగ్లాండు బోస్టన్‌లో మతబోధకుడైన జాన్ కాటన్ 1633లో ‘గ్రిఫిన్’ ఓడలో మసాచుసెట్స్ బోస్టన్‌కు వెళ్లాడు. ఆయన కూతురి కొడుకు పేరు కాటన్ మేథర్, అంటే తాత ఇంటిపేరు మనవడికి సొంతపేరైంది. నల్లజాతి అమెరికన్లలోనూ కాటన్లున్నారు. బానిసత్వం పోయాక 1870 జనగణనలోనే వాళ్లలో అత్యధికుల పేర్లు తొలిసారి నమోదయ్యాయి. పత్తి చేల వల్లే ఆ పేరు వచ్చిందని చప్పున తేల్చేయకండి. యజమాని ఇంటిపేరు తీసుకున్నవాళ్లూ, తమకు నచ్చింది పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఏ కుటుంబానికి ఆ కుటుంబాన్ని విడిగా చూడాల్సిందే.

ఆమెకు ఇంకో సంగతి కూడా చెప్పాను. గోదావరి జిల్లాల్లో ఆర్థర్ కాటన్‌ను తలచుకునే సంస్కృత శ్లోకం ఒకటి ఉంది. అందులో ఆ పేరు ద్వితీయా విభక్తిలో ‘కాటనుం’ అని వస్తుంది. పాత ఇంగ్లీషు ‘కాటుం’ పక్కన దాన్ని కాగితం మీద రాసి చూపించాను. ఆ కాగితం ఇప్పటికీ ఆమె కంప్యూటర్ పక్కన అంటించి ఉంది.