శీర్షిక చదవకుండా పద్యం చదవొద్దు

ప్రాచీన చైనాలో కవిత్వం అందం కోసమేనా, సమాజంలో దానికి వేరే పనేమైనా ఉండేదా అని అడిగారు. చాలా పనులుండేవి. ఉత్తరం, వీడ్కోలు, ఫిర్యాదు, చివరికి సిఫారసు కూడా.

నేను వైద్యవిద్య కోసం చైనాలో అయిదేళ్లు ఉన్నాను. మాకు భాష నేర్పిన పెద్దావిడ ఒకరోజు తాంగ్ రాజవంశం కాలపు పద్యమొకటి బోర్డు మీద రాశారు. కొత్త కోడలు తెల్లవారగానే అత్తమామలకు మొక్కాలి. అలంకరణ ముగించి భర్తను మెల్లగా అడుగుతుంది: కనుబొమలు దిద్దుకున్న తీరు ఇప్పటి పద్ధతికి సరిపోయిందా అని. శృంగార పద్యమని అందరం ముసిముసిగా నవ్వుకున్నాం. ఆవిడ అప్పటిదాకా దాచిన శీర్షిక రాశారు: 'పరీక్ష దగ్గరపడిన వేళ, జలశాఖ అధికారి జాంగ్‌గారికి'!

రాసినది జు చింగ్‌యు అనే పరీక్షార్థి. భర్త అంటే కవిగా, అధికారిగా పేరున్న జాంగ్ జి, అత్తమామలు పరీక్షకులు. నా రాత వాళ్లకు నచ్చుతుందా అన్నదే ప్రశ్న. ప్రభుత్వోద్యోగాలకు దారి అయిన జిన్‌షి పరీక్షలో పద్యరచన కూడా ఒక భాగం కాబట్టి, అభ్యర్థులు ముందే తమ రచనలను పెద్దలకు పంపేవారు. జాంగ్ జి పద్యంలోనే బదులిచ్చాడు: ఖరీదైన పట్టుబట్టలదేముంది, ఈ పల్లె పిల్ల పాట ఒక్కటే పదివేల బంగారు నాణేల పెట్టు అని. 826లో జు ఉత్తీర్ణుడయ్యాడు. మన చాటువుల్లో ఇలాంటి గడుసుదనం చూశాను కానీ, ఉద్యోగ దరఖాస్తులో చూడలేదు.

మనసులో మాటను పద్యం చాటున చెప్పే ఈ అలవాటు పాతదే. 305 గీతాల ప్రాచీన సంకలనం 'షిజింగ్' చదవకపోతే నీకు మాట్లాడటమే రాదని కన్ఫ్యూషియస్ కొడుకుతో అన్నాడట. ఆ కాలపు రాయబారులు కూడా చెప్పదలచుకున్నది ఆ గీతాల చాటున చెప్పేవారు.

ఫిర్యాదుకు తాంగ్ కవి బై జుయి రాసిన బొగ్గులమ్మే ముసలివాడి పద్యం చాలు. ఒంటిమీద పలుచటి బట్టే, అయినా బొగ్గు ధర పడిపోతుందేమోనని చలి ఇంకా పెరగాలని కోరుకుంటాడు. తీరా రాజభవనం మనుషులు వచ్చి, కాస్త పట్టుగుడ్డ ఎద్దు తలకు చుట్టి, బండెడు బొగ్గు తోలుకుపోతారు. తిట్టు ఒక్కటీ లేదు.

వీడ్కోలు సంగతి నాకు అనుభవమే. నేను తిరిగి వస్తున్నప్పుడు మాకు భాష నేర్పిన ఆవిడే నా కప్పులో టీ పోస్తూ, తాంగ్ కవి వాంగ్ వె స్నేహితుడికి వీడ్కోలు చెబుతూ రాసిన పద్యం చదివారు: ఇంకొక్క పాత్ర తాగు, పడమటి సరిహద్దున యాంగ్ కనుమ దాటితే పాత స్నేహితులెవరూ ఉండరు. నేను ఇంటికే కదా వెళ్తున్నాను, అక్కడ అందరూ నావాళ్లే. అయినా ఆ టీ తాగడానికి చాలాసేపు పట్టింది.