ఒంట్లో బాగున్నప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

పునరావాస కేంద్రం నుంచి ఇంటికి వచ్చావని తెలిసి సంతోషించాను. వెన్నెముక నిపుణులు ఇకపై ఎప్పుడో ఒకసారి కనిపిస్తారు. జ్వరమొచ్చినా దగ్గొచ్చినా దిక్కు దగ్గర్లోని మామూలు డాక్టరే. ముప్ఫై ఏళ్లుగా చక్రాల కుర్చీలో తిరుగుతున్నవాడిగా చెబుతున్నాను, ఆయన దగ్గరికి మొదటిసారి జబ్బు చేసినప్పుడు కాక, బాగున్నప్పుడే వెళ్లు.

నీకు దెబ్బ తగిలింది ఛాతీ వెన్నుపూసల్లో ఆరవదానికి పైన. అలాంటివారికి పై రక్తపోటు తరచుగా 90 నుంచి 110 మధ్యే ఉంటుంది. కాబట్టి 135 కనిపిస్తే ఎవరైనా 'నార్మలే' అని పంపించేయవచ్చు. కాని మామూలు కంటే 20 నుంచి 40 పెరిగిందంటే, మూత్రాశయం నిండిందనో, మలబద్ధకం ఉందనో, ఎక్కడో పుండు పడిందనో నీ శరీరం పెడుతున్న కేక అయి ఉండవచ్చు. దీన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. తల పగిలేంత నొప్పి, ముఖాన చెమటలు వస్తే నిటారుగా కూర్చుని, బిగుతు బట్టలు వదులు చేయించుకుని, మూత్రం బయటికి తీసే కాథెటర్ గొట్టం మడత పడిందేమో చూడాలి. వెంటనే తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి, ఎందుకంటే అది మెదడులో రక్తస్రావానికి దారితీయగలదు. ప్రతి డాక్టరుకూ ఇది తట్టదు. అందుకే నీ మామూలు అంకెలు ముందే ఆయన ఫైలులో ఉండాలి.

ఇక పరీక్ష సంగతి. నన్ను ఏళ్ల తరబడి కుర్చీలోనే కూర్చోబెట్టి, చొక్కా మీదే స్టెతస్కోపు ఆనించి పంపేవారు. పరీక్ష చేసే బల్ల ఎత్తుగా ఉండేది, ఎక్కించే మనుషులు లేరు, పైగా నాకు మొహమాటం. ఒకసారి జ్వరానికి రెండు వారాలు మందులు మింగాక, స్నానం చేయిస్తున్న మీ పెద్దమ్మకు పిరుదు కింద గోరంత నల్లమచ్చ కనిపించింది. అది ఒత్తిడి పుండు, లోపల ఎముక దాకా పోయింది. పడుకోబెట్టి చూసి ఉంటే మొదటిరోజే దొరికేది. కనుక అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడే ఎత్తు తగ్గే బల్ల, కుర్చీతో సహా తూచే యంత్రం ఉన్నాయేమో కనుక్కో, రెండింతల సమయం కావాలని చెప్పు. 'చూడ్డానికి అరవై కిలోలుంటారు' అని రాసుకుంటే ఒప్పుకోకు, మందు మోతాదు దాన్నిబట్టే వేస్తారు. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. అందరికీ అందే నాణ్యతే వికలాంగులకూ అందాలని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 25వ అధికరణం చెబుతోంది.

ప్రతి బాధనూ వెన్ను మీదికి నెట్టేసే డాక్టర్లూ ఉంటారు. అప్పుడు మర్యాదగా, 'నడిచే మనిషి ఇదే బాధతో వస్తే మీరు ఏ పరీక్ష రాస్తారు?' అని అడుగు. నా అనుభవంలో ఇంతకంటే బాగా పనిచేసిన ప్రశ్న లేదు.

డాక్టరుకు ఇవ్వవలసిన కాగితం నమూనా దీనితో జతచేస్తున్నాను. రక్తపోటు గడి ఖాళీగా వదిలాను. వారం రోజులు ఉదయం, సాయంత్రం చూసుకుని నువ్వే నింపు.