జమ్ము మధ్య లంకలో జింక పడక: సెప్టెంబరు వేటకు ఇప్పటినుంచే చేయవలసింది

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఈ సెప్టెంబరులో విస్కాన్సిన్‌లో విల్లుతో జింక వేటకు దిగుతున్నావని అక్క చెప్పింది. మీ ఇంటికి దగ్గర్లో చిత్తడి నేల ఉందని, అక్కడ ఎక్కడ కూర్చోవాలో చెప్పమని అడిగావట. జింక పగలు ఎక్కడ పడుకుంటుందో తేలితే తప్ప ఎక్కడ కూర్చోవాలో తేలదు. అందుకే ఫిబ్రవరిలోనే రాస్తున్నాను.

సీజన్ సెప్టెంబరు మధ్యలో మొదలవుతుంది. అక్కడి వైట్‌టెయిల్ (తెల్లతోక) జింకకు ఎదకాలం నవంబరులో గానీ రాదు. కాబట్టి అప్పటికి మగ జింక ఆడవాటి వెంట తిరగదు. మేయడం, పడుకోవడం, అంతే దాని పని. వయసు మీరిన పోతు అయితే వెలుతురు ఉండగా పడక వదిలి వంద, నూటయాభై గజాలకు మించి రావడం అరుదు. సోయా చేను గట్టున కూర్చుంటే అది చీకటి పడ్డాకే నీ ముందుకొస్తుంది, అప్పటికి చట్టం ఒప్పుకునే వేళ దాటిపోతుంది. అలాగని మరీ దగ్గరికి పోతే పసిగట్టేస్తుంది.

ముందు ఫోనులో మ్యాపు తెరువు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల బొమ్మలు కూడా కనిపిస్తాయి. వాన ఎక్కువ పడ్డ ఏడాదిదీ, కరువు ఏడాదిదీ పక్కపక్కన పెట్టి చూడు. జమ్ము ఎండుగడ్డి రంగులో దుప్పటి పరిచినట్టు ఒకే తీరుగా ఉంటుంది. విల్లో, ఆల్డర్ పొదలు గరుకుగా, ముదురుగా కనిపిస్తాయి. ఆ దుప్పటి నడుమ ఒంటరి చెట్టు ఉంటే అక్కడ నేల కాస్త ఎత్తని అర్థం. కొల్లేటి లంకలు చూసినవాడివి, నీకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడి లంక ఒక్కోసారి మంచం అంతే ఉంటుంది, ఎత్తు జానెడు. జింకకు ఆ జానెడు పొడి నేల చాలు. ఇలాంటి లంకలు, జమ్ములోకి ముక్కులా పొడుచుకొచ్చిన గట్టు కొసలు, జమ్మూ పొదలూ కలిసే అంచులు, అన్నీ కలిపి పది పన్నెండు గుర్తులు పెట్టుకో.

మంచు కరిగి, కొత్త జమ్ము ఇంకా లేవని రోజుల్లో, అంటే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఆ గుర్తులన్నీ కాలినడకన తిరిగి చూడు. అప్పుడు బెదరగొట్టినా నష్టం లేదు, సెప్టెంబరుకు మరిచిపోతుంది. పడక అంటే గడ్డి అణిగి కోలగా ఉన్న గుంట. అందులో రాలిన వెంట్రుకలు, పక్కన పెంటికలు కనిపిస్తాయి. టేపు పెట్టి కొలువు. చిన్నా పెద్దా నాలుగైదు గుంటలు ఒక్కచోట ఉంటే అవి తల్లీపిల్లలవి. నలభై అయిదు అంగుళాలు దాటిన గుంట ఒక్కటే ఉండి, చుట్టూ ఆల్డర్ కాండాల మీద కొమ్ములు రాసిన గాట్లు ఉంటే అది పోతు పడక. ఆ గుంటలో నువ్వే కూర్చుని చూడు. వీపు వైపు ఏముంది, ఎదురుగా ఎంత దూరం కనిపిస్తోంది? జింక మామూలుగా గాలిని వీపుకు పెట్టుకుని పడుకుంటుంది. వెనక నుంచి వచ్చేదాన్ని ముక్కు చెబుతుంది, ముందు నుంచి వచ్చేదాన్ని కన్ను చూస్తుంది. ఏ గాలికి ఆ పడక వాడుతుందో, ఏ దారిన లేచి పోతుందో అక్కడే పుస్తకంలో రాసుకో. ఆ దారి మీద నువ్వు నిలిచే చోటు కూడా ఆ రోజే ఎంచుకుని, అడ్డొచ్చే కొమ్మల సంగతి చూసుకో. ప్రభుత్వ భూమిలో కొమ్మలు కొట్టడానికీ, మంచె వదిలి రావడానికీ నిబంధనలున్నాయి. డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) పుస్తకం ముందే చదువు.

ఆ తరువాత లోపల అడుగు పెట్టకు. జులై, ఆగస్టు సాయంత్రాలు దూరాన రోడ్డు మీద నుంచి బైనాక్యులర్‌తో చేలు చూస్తే సరిపోతుంది. సెప్టెంబరు మొదట్లో కొమ్ముల మీది మఖమలు లాంటి తోలు రాలగానే పోతుల గుంపు విడిపోతుంది, కొన్ని చోటు మారుస్తాయి. సోయా ఆకు పసుపెక్కితే రుచి పోతుంది. వైట్ ఓక్ కాయలు రాలడం మొదలైతే జింకలు చేలు వదిలి ఆ చెట్ల కిందికి చేరతాయి. సీజన్‌కు ముందు వారం భారీ వాన పడిందా, లంక మునిగి ఉంటుంది. నీ ఏప్రిల్ లెక్క ఆ పడకకు చెల్లదు, ఇంకాస్త ఎత్తున్న దిబ్బకు పో.

ఇక గాలి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. ఒక లెక్క చెబుతాను, కాగితం మీద గీసుకో. పడక లంక కొసన ఉంది. ఓక్ గట్టు దానికి ఉత్తరాన. పోతు సాయంత్రం ఉత్తరానికి నడుస్తుంది. వాయవ్యం గాలి వీస్తే అది దాని ముక్కుకు ఏటవాలుగా తగులుతుంది, ధైర్యంగా లేస్తుంది. నువ్వు పడకకు వంద గజాలు ఉత్తరాన, దారికి ఇరవై గజాలు తూర్పున ఉండు. నీ వాసన ఆగ్నేయానికి పోయి, పడక దగ్గరికి వచ్చేసరికి దానికి వంద గజాలకు పైగా తూర్పుగా జారిపోతుంది. అదే గాలి నేరుగా ఉత్తరం నుంచి వీస్తే నీ వాసన తిన్నగా పడక మీదికే. ఆ రోజు వెళ్ళకు, ఇంట్లో బాణాలు సాధన చెయ్యి.

ఫోనులో గాలి దిక్కు చూసి నమ్మడానికి లేదు, లంక దగ్గర గాలి వేరేగా తిరుగుతుంది. ఆగస్టు, సెప్టెంబరులో రోడ్ల పక్కన మిల్క్‌వీడ్ కాయలు కోసి ఉంచు. లోపల మన జిల్లేడు దూది లాంటి దూదే, రెండూ ఒకే కుటుంబం. అరగంటకోసారి ఒక పోచ వదిలి కంటికి ఆనినంత దూరం చూడు. మొదట పక్కకు పోతుంది, ముప్పై గజాలకు ఒక్కోసారి వెనక్కి మళ్ళుతుంది. పొద్దు వాలాక గాలి పడిపోయి, చల్లబడ్డ గాలి పల్లానికి జారుతుంది, అంటే నీటి వైపు. ఆ వేళకు దూది నేలకు దిగి, జమ్ము నడుమ పారే కాలువ మీదుగా పాకడం నీకే కనిపిస్తుంది. అందుకే కాలువ నీ వెనక, తూర్పున ఉండేలా చూసుకో. నీకూ పడకకూ నడుమ ఉంటే చివరి పావుగంటలో వాసన దాని దగ్గరికే చేరుతుంది.

రాకపోకలు కూడా ఆ కాలువ మీదే పెట్టుకో. కయాక్ అనే చిన్న తెడ్డు పడవలో ఈశాన్యం నుంచి జమ్ము చాటున వస్తే నేల మీద వాసన పడదు, ఎండు జమ్ము విరిగిన చప్పుడు రాదు. తెడ్డు పడవ అంచుకు తగిలితే టప్పుమంటుంది, అంచుకు గుడ్డ చుట్టు. లైఫ్ జాకెట్ తప్పనిసరి. నడిచి రావలసి వస్తే కర్రతో ఊబి లోతు చూడనిదే అడుగు వేయకు. సూర్యాస్తమయం ఏడింటి ప్రాంతంలో ఉంటుంది, మూడున్నరకల్లా కూర్చోవాలి. ఆ చిత్తడిలో పెరిగే టామరాక్ చెట్లు సన్నం, పెద్ద మంచె మోయవు. ఎనిమిది, పదడుగుల ఎత్తున చిన్న మంచె చాలు, లేదా నేల మీదే పొద చాటున కూర్చో. ఎక్కేటప్పుడు మొదటి అడుగు నుంచీ హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీ) తాడుకు కట్టి ఉండాలి. దోమలకూ పిడుదులకూ బట్టల మీద పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ముందురోజే కొట్టి ఆరబెట్టు, ఒంటి మీద మాత్రం వద్దు.

ఒక పడకకు మొదటి సాయంత్రమే అన్నిటికన్నా మంచిది. రెండోసారికి దానికి సగం తెలిసిపోతుంది. మూడోసారి ఖాళీ గుంటకు కాపలా కాసినట్టే. అందుకే వేర్వేరు గాలులకు నాలుగు పడకలు సిద్ధంగా పెట్టుకో.

ఇరవై గజాల లోపు, జింక నీకు పక్క చూపి లేదా కొంచెం అవతలికి తిరిగి నిలిచినప్పుడే బాణం వదులు. ఊపిరితిత్తులకు తగిలితే అరగంట ఆగి వెతుకు. కాలేయానికి తగిలిందనిపిస్తే నాలుగైదు గంటలు, పేగులకైతే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలి. తొందరపడి తరిమితే నీళ్ళలో దిగిపోతుంది, నీళ్ళలో నెత్తురు జాడ నిలవదు. సెప్టెంబరు వేడి అసలు గండం. నలభై డిగ్రీల ఫారెన్‌హైట్ (సుమారు నాలుగు సెల్సియస్) దాటిన రాత్రి మాంసం త్వరగా చెడుతుంది. దొరికిన వెంటనే పేగులు తీసి, లోపల ఐసు సంచులు కుక్కు. బండిలో నలభై పౌండ్ల ఐసు ముందే పెట్టుకో.

1973 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవాళ్ళకు హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండాలి, నువ్వు ఆ లెక్కలోకే వస్తావు. జింక దొరికిన మర్నాడు సాయంత్రం ఐదులోగా రిజిస్టర్ చెయ్యాలి. జింకల మెదడును దెబ్బతీసే సీడబ్ల్యూడీ జబ్బు అక్కడి జింకల్లో 2002లోనే బయటపడింది. డీఎన్ఆర్ ఉచితంగా పరీక్ష చేస్తుంది, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే ఉంచు, అక్కకు వండమని ఇవ్వకు. ఊరికొచ్చినప్పుడు ఈ సరదా ఇక్కడ కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర జింకను వేటాడటం నేరం.

ఏప్రిల్‌లో తిరిగొచ్చాక, కొలిచిన పడకల లెక్క, ఏది ఏ గాలికో మ్యాపు మీద గీసి పంపు. ఏది ముందు పట్టాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య