తప్పు దిద్దే మనిషి దగ్గర్లో ఉండాలె: సిరొంచ నుంచి నా జవాబు

ప్రశ్న ఏందంటే, ప్రభుత్వం తన పని తీరును ఆధునికం చేసుకుంటే కొత్త కొత్త వ్యాపారాలు పుట్టడానికి, అందులో అందరికీ చోటు ఉండడానికి ఎట్ల సాయపడతది అని. దీనికి నా దగ్గర ఒక్కటే జవాబు ఉంది, అది మా ఇంట్ల జరిగిన దాంట్లకెళ్లి వచ్చింది. కంప్యూటర్లు ఎన్ని పెట్టినా సరే, కాగితంల పడ్డ తప్పును దిద్దే అధికారం ఉన్న మనిషి మన ఊరికి దగ్గర్ల ఉండాలె, మన మాట అర్థం కావాలె. అది లేకుంటే పాత రిజిస్టర్‌ల తప్పు కొత్త కంప్యూటర్‌లకు ఎక్కుతది, అంతే.

మాది మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా, ప్రాణహిత ఒడ్డు మీద ఊరు. ఇంట్ల తెలుగు, బళ్లె మరాఠీ, సంతకు పోతే తెలుగు మరాఠీ గోండి మూడూ వినబడతయి. 1982ల చంద్రపూర్ నుంచి విడగొట్టి గడ్చిరోలి జిల్లా చేసిండ్రు గానీ జిల్లా ఆఫీసుకు పోవాలంటే మాకు ఇప్పటికీ సుమారు 200 కిలోమీటర్లు, ఆలాపల్లి మీదికెళ్లి అడవి దారి, వానకాలం ఆ రోడ్డు సంగతి అడగొద్దు. అదే గోదారి వంతెన దాటితే కాళేశ్వరం, అవతల తెలంగాణ. మా మిర్చి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోతది, మా పిల్లనిచ్చుడు తెచ్చుకునుడు అంతా అటే, మా కాగితాలు మాత్రం ఇటే.

మీరు పహాణీ, అడంగల్ అంటరు గదా, మాకు అది సాత్‌బారా. ఊరి లెక్కలల్ల 7వ నమూనా, 12వ నమూనా రెండూ కలిపిన కాగితం, ఒకదాంట్ల భూమి ఎవరిది అని, ఇంకోదాంట్ల ఏం పంట వేసిండ్రు అని. ఇప్పుడు 15 రూపాయలు కడితే డిజిటల్ సంతకంతోని ఫోన్లనే వస్తది, తలాఠీ (ఊరి భూమి లెక్కలు రాసే ఉద్యోగి) ఇంటి చుట్టూ తిరిగే పని లేదు. ఇది చాలా పెద్ద మేలు, నేను కాదనను. బాపు ఉన్నప్పుడు ఒక్క నకలు కోసం మూడు రోజుల కూలి పోగొట్టుకున్నడు.

బాపు పోయినంక భూమి అవ్వ పేరు మీదికి రావాలె. (అవ్వ అంటే మాకు అమ్మనే.) దాన్ని ఫేర్‌ఫార్ అంటరు. అది అయితే అయింది గానీ పేరు తప్పు పడ్డది. మనం ఇంటిపేరు ముందు రాస్తం, మరాఠీల ముందు సొంత పేరు, నడుమ భర్త పేరు, చివరికి ఇంటిపేరు. అవ్వ ఆధార్‌ల ఇంటిపేరు ముందు ఉన్నది, కంప్యూటర్‌ల టైపు కొట్టినాయన అదే ఆమె పేరు అనుకున్నడు. అట్ల సాత్‌బారాల మా అవ్వ మా ఇంటిపేరు గల ఒక కొత్త మనిషి అయిపోయింది. బాపు పేరు కూడా అట్లనే, చివర్ల ఉన్న 'య్య' మరాఠీల 'య్యా' అయింది, ఆధార్‌ల ఐ ఏ హెచ్, బ్యాంకు పుస్తకంల వై ఏ. ఒక్క మనిషే, మూడు కాగితాలల్ల ముగ్గురు.

పీఎం కిసాన్ పైసలు ఏడాదికి 6000, మూడు సార్లు రెండేసి వేలు, దానికి తోడు 2023 నుంచి రాష్ట్రం ఇచ్చే నమో శేత్కరీది ఇంకో 6000. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొనుక్కున్న భూమికి రావు గానీ వారసత్వంగా వస్తే వస్తయి, అంటే అవ్వకు రావాలె. దానికి ఈకేవైసీ, అంటే ఈ మనిషి ఈ మనిషే అని ఆధార్‌తోని రుజువు, చేపియ్యాలని ఇద్దరం పొద్దుగాలనే సద్ది కట్టుకొని ఒక సెంటర్‌కు పోయినం. ఏ ఊర్ల సెంటరో చెప్పను, ఆ పిలగాని తప్పు ఏం లేదు. సర్వర్ పదకొండింటికి వచ్చింది. మా నంబరు వచ్చేసరికి పన్నెండు దాటింది.

'మావ్‌శీ, అంగఠా ఠేవా' అన్నడు, అంటే బొటనవేలు పెట్టు అని. పెట్టింది. రాలే. మళ్లా పెట్టింది. రాలే. మా అవ్వ నలభై ఏండ్లు మిర్చి ఏరింది, ఎండకాలం తునికాకు కోసింది, ఆ వేళ్లకు గీతలు ఎక్కడ ఉంటయి? కొంగుకు తుడుచుకుంది, బయట బోరింగు కాడికి పోయి సబ్బు పెట్టి కడుక్కొచ్చింది, వెనుక లైన్ల ఉన్న ఒకామె తలకు పెట్టుకునే నూనె రాయమంది, అది కూడా రాసింది. పది వేళ్లూ అయిపోయినయి. అప్పుడు ఆ పిలగాడు ఓటీపీ పంపుతా అన్నడు. పంపిండు. అవ్వ ఆధార్‌కు ఉన్నది బాపు నంబరు. ఆ ఫోను మా ఇంట్ల దూలానికి సంచిల వేలాడుతుంది, రీఛార్జి చెయ్యక సిమ్ ఎప్పుడో బంద్ అయింది. సచ్చిపోయిన మనిషి ఫోనుకు మెసేజ్ పోయింది, ఆయన వచ్చి నంబరు చెప్తేనే ఈమె ఈమె అని తేలుతది.

అవ్వకు ముందు అర్థం కాలే. నేను తెలుగుల చెప్పినంక ఆ పిలగాని దిక్కు చూసి 'నేనే బిడ్డా, నీ ముందట నిలబడ్డ గదా, ఇంకెవలను?' అన్నది. ఆ పిలగానికి తెలుగు రాదు. నేను మరాఠీల చెప్పబోయిన, నా గొంతు రాలే. వాడు నా మొకం చూసి 'ఉద్యా యా' అన్నడు, రేపు రండి అని. సద్ది విప్పకుండనే ఇంటికి తెచ్చుకున్నం.

2023లనే పీఎం కిసాన్ యాప్‌ల మొకం చూపిచ్చి ఈకేవైసీ చేసే పద్ధతి పెట్టిండ్రు, వేలిముద్ర వద్దు, ఓటీపీ వద్దు. చివరికి మా పని దాంతోనే అయింది, మా చిన్నాయిన కొడుకు ఇంటి అరుగు మీద కూసోబెట్టి తన ఫోన్ల చేసిండు. అంటే దారి అప్పటికే ఉంది. ఆ రోజు ఆ లైన్ల నిలబడ్డ ఎవ్వలికీ, ఆ పిలగానికి కూడా, చెప్పినోడు లేడు. కొత్తది తయారు చేసుడు మీద పెట్టే శ్రద్ధల సగం దాన్ని కింది దాకా చెప్పుడు మీద పెడితే ఎన్ని సద్ది మూటలు మిగిలేటియో.

ఇగ అసలు వ్యాపారం సంగతికి వస్త. మా వదిన, ఇంకో తొమ్మిది మంది ఆడోళ్ల బచత్ గట్, మీ దిక్కు డ్వాక్రా సంఘం లెక్క. పండు మిర్చి కల్లంల ధరకు అమ్ముకునే బదులు ఎండబెట్టి పొడి పట్టిచ్చి పాకెట్ చేద్దామని వాళ్ల ఆలోచన. మీరు ఇన్నోవేషన్ అంటరు గదా, మా ఊర్ల అది ఇదే. చిన్న వ్యాపారాలను సర్కారు లెక్కల ఎక్కిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (2020 జులై నుంచి ఉంది) ఫోన్ల పావుగంటల అయిపోయింది, ఒక్క పైసా కట్టలే, ఒక్క కాగితం ఎక్కియ్యలే, మనం చెప్పిందే నమ్మిండ్రు. తిండి సరుకు కాబట్టి ఫుడ్ లైసెన్సు వాళ్ల చిన్న రిజిస్ట్రేషన్, ఏడాదికి 100 రూపాయలు, అది కూడా అయింది. యూపీఐ బొమ్మ గోడకు అతికిచ్చిండ్రు. ఇంత దాకా ప్రభుత్వం బంగారం లెక్క పనిచేసింది, ఇది చూసినంకనే నాకు నమ్మకం కుదిరింది.

గిర్ని పెట్టుకునే లోను కాడ ఆగింది. గిర్ని పెట్టే జాగ అవ్వ భూమిల ఉన్నది, బ్యాంకు సాత్‌బారా అడిగింది, సాత్‌బారాల ఉన్నది అవ్వ కాదు! ఆ ఒక్క పేరు వరుస మార్చుడుకు పదకొండు నెలలు. 1966ల వచ్చిన మహారాష్ట్ర ల్యాండ్ రెవెన్యూ కోడ్‌ల 155వ సెక్షన్ ఉన్నదే రాతలల్ల పడ్డ తప్పులు దిద్దుడుకు. అర్జీ పెట్టినం. ఆన్‌లైన్ల ఫిర్యాదు కూడా పెట్టినం, కొన్నాళ్లకు పరిష్కారం అయిందని మెసేజ్ వచ్చింది, తెరిచి చూస్తే పేరు అట్లనే ఉన్నది. 2015 నుంచి ఈ రాష్ట్రంల సేవా హక్కు చట్టం ఉన్నది, గడువు దాటితే బాధ్యుడైన అధికారికి 500 నుంచి 5000 దాకా జుర్మానా, పైన అప్పీలు మూడు సార్లు దాకా. చట్టం మంచిదే. కానీ అప్పీలు మరాఠీల రాయాలె, రాసేటాయన పైసలు అడుగుతడు, తిరుగుడుకు బస్సు కిరాయిలు, మిర్చి ఏరే కాలంల కూలి పోతది.

అవతలి ఒడ్డు మీద అంతా బాగుందనుకోవద్దు, మా అత్తగారిది అటే. అక్కడ 2011 నుంచి మీసేవ ఉంది, కాగితాలు తెలుగులనే, అది చూస్తే నాకు నిజంగనే కుళ్లు పుడతది. కానీ 2020ల ధరణి వచ్చినంక భూమి రికార్డుల తప్పులు దిద్దే అధికారం కింద లేకుండ పోయింది, ఒక్క అక్షరానికి కూడా జనం కలెక్టర్ ఆఫీసుల చుట్టూ తిరిగిండ్రు. 2025ల భూభారతి తెచ్చి అధికారాలు మళ్లా కిందికి దించిండ్రు. ఇక్కడ భాష కాని భాష, అక్కడ సొంత భాష, రెండు కాడా జనం ఏడ్చింది ఒక్క దానికే, దిద్దే మనిషి దూరం అయినందుకు. ఎస్టోనియా అని పదమూడు లక్షల జనం ఉన్న చిన్న దేశం, 2001 నుంచి వాళ్ల ఆఫీసులన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటట్టు చేసుకున్నరు, ఒకసారి చెప్పిన సంగతి మళ్లా అడగొద్దని వాళ్ల నియమం. మంచి నియమమే, కానీ మా కాడ అది పెట్టేముందు పేర్లు సరిచెయ్యాలె, లేకుంటే ఒక్క కాడ ఉన్న తప్పు అన్ని ఆఫీసులకూ పాకుతది.

భాష సంగతి కూడా చెప్పే పోత. రాజ్యాంగంల 350వ అధికరణం ఉంది, మన బాధ చెప్పుకునే అర్జీ ఆ రాష్ట్రంల గానీ దేశంల గానీ వాడే ఏ భాషల అయినా ఇచ్చుకోవచ్చని. అంటే మా అవ్వ తెలుగు అర్జీ తీసుకోవాలె. కేంద్రం 2022ల భాషిణి మొదలుపెట్టింది, ఒక భాషకెళ్లి ఇంకో భాషకు కంప్యూటర్ తర్జుమా చేస్తది, తెలుగు, మరాఠీ రెండూ ఉన్నయి. దాన్ని ఆఫీసు కిటికీ కాడ ఒక్క ఫోన్ల పెట్టినా 'ఇంకెవలను' అన్న మాట ఆ పిలగానికి అర్థమయ్యేది. గోండి మాట్లాడేటోళ్ల సంగతి ఇంకా అన్యాయం, ఈ జిల్లా వాళ్లది, వాళ్ల భాష 8వ షెడ్యూల్ల ఉన్న 22 భాషలల్లనే లేదు. వాళ్లను వదిలేసి అందరికీ చోటు అంటే నేను ఒప్పుకోను.

మా పని ఎట్ల అయిందో వినండి. ఒక కొత్త ఆఫీసర్ వచ్చి మా ఊరి బడి వరండల శిబిరం పెట్టిచ్చిండు. తలాఠీ, లాప్‌టాప్, ప్రింటర్, పక్కన మా ఊరి కోత్వాల్ (తలాఠీకి సాయం చేసేటాయన), ఆయనకు తెలుగు వస్తది. అవ్వ పోయి నిలబడ్డది. ఆఫీసర్ చుట్టూ ఉన్నోళ్లను అడిగిండు, ఈమె ఎవరు అని. పది మంది ఒక్కసారే చెప్పిండ్రు. ఐదుగురితోని పంచనామా మీద సంతకాలు తీసుకున్నడు, సాయంత్రానికి ఆర్డర్ రాసిండు. అదే చట్టం, అదే కంప్యూటర్, పదకొండు నెలలు కానిది ఒక పూటల అయింది. తాలూకాకు నెలకు ఒక్కసారి అయినా ఇట్ల ఊర్లకు వచ్చి కూసుంటే మా దిక్కు ఎన్ని గిర్నీలు తిరుగుతయో నాకు తెలుసు, నేను ఆ రోజు లైన్ల ఉన్న మొకాలు చూసిన.

లోను ఫైలు మళ్లా పెట్టినం, వచ్చే వారం బ్యాంకుకు రమ్మన్నరు. వదినోళ్లు ఈలోపు రోకట్ల దంచిన పొడినే పావు కిలో పాకెట్లు చేసి కాళేశ్వరం దిక్కు అమ్ముతున్నరు. అవ్వ తన పేరు మీద కొత్త సిమ్ తీసుకుంది, ఆధార్‌కు ఆ నంబరే ఎక్కిచ్చినం, మర్చిపోకుండ పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతోని రాయిచ్చుకుంది. బాపు ఫోను మాత్రం దూలం మీదనే ఉంది, తియ్యనిస్తలేదు.