జైలు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం... చేరనా అక్కా?

ప్రశ్న: అక్కా, మెడికల్ వార్డులో మూడేళ్లు చేశాను, ఇప్పుడు జైలు ఆసుపత్రిలో పోస్టు వచ్చింది, వచ్చే నెలే జాయినింగ్. ఇంట్లో అందరూ వద్దంటున్నారు. నాకూ భయమే కానీ అంతకంటే లోపల పని ఎలా ఉంటుందో తెలీక టెన్షన్ ఎక్కువగా ఉంది. వాళ్లు ఏం నేరం చేశారో ముందే తెలుసుకోవాలా? గార్డులు చెప్పినట్టల్లా వినాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: చేరమ్మా. భయం సంగతి ముందు తేల్చేద్దాం, క్యాజువాలిటీలో పేషెంట్ బంధువులు మీద పడ్డ రోజు నేను వణికినంతగా జైల్లో ఎప్పుడూ వణకలేదు, ఇక్కడ పక్కనే గార్డు ఉంటాడు. నన్ను నిజంగా ఏడిపించింది ఖైదీలు కాదు, ఒక కత్తెర. చేరిన మొదటి వారం, షిఫ్ట్ చివర్లో లెక్క పెడితే డ్రెస్సింగ్ కత్తెర ఒకటి తక్కువొచ్చింది, ఇక అందర్నీ సెల్స్‌లోకి పంపి తాళాలేసి వెతుకులాట, చూస్తే నా ఏప్రన్ జేబులోనే ఉంది! సూదులు, సిరంజిలు, బ్లేడ్లు, కత్తెరలు డ్యూటీ ఎక్కేటప్పుడు ఒకసారి దిగేటప్పుడు ఒకసారి లెక్క పెట్టాల్సిందే, "ఇందాకే చూశాలే" అని సంతకం పెట్టకు.

మందులిచ్చే టైమ్ అసలైన పరీక్ష. మాత్ర మింగాడా లేదా అని నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, బుగ్గలు పక్కకి లాగించి చూడాలి, మొదట్లో నాకే సిగ్గేసేది చిన్నపిల్లాణ్ణి చూసినట్టుందేంటని. ఒకతనికి నరాల నొప్పికి గాబాపెంటిన్ ఇస్తున్నాం, రోజూ బుద్ధిగా నోరు తెరిచేవాడు, ఓ రోజు టార్చ్ కొంచెం పక్కకి తిప్పితే పైచిగురు వెనకాల క్యాప్సూల్ అంటుకుని ఉంది. అమ్ముకుంటున్నాడనుకున్నా, కోపం కూడా వచ్చింది. తర్వాత విడిగా కూర్చోబెట్టి అడిగితే తేలింది, పక్క సెల్ వాడు బెదిరించి రోజూ లాక్కుంటున్నాడు, ఇతను నొప్పితో రాత్రుళ్లు నిద్రపోవట్లేదు. మాత్ర దాచేవాడు అమ్మడానికే దాచాలని లేదు, భయంతో దాచొచ్చు, అన్నీ పోగేసి ఒకేసారి మింగేద్దామనీ దాచొచ్చు. అందుకే దొరికిందని కేకలేయకు, రాసిపెట్టు, డాక్టర్‌కి చెప్పు, తర్వాత నెమ్మదిగా అడుగు.

కొత్తగా లోపలికొచ్చినవాళ్ల స్క్రీనింగ్ మాత్రం ఫారం నింపే పనిలా చేయొద్దు ప్లీజ్. చివరిసారి మద్యం ఎప్పుడు తాగావు అని గంటలతో సహా అడుగు, ఎందుకంటే రోజూ తాగేవాళ్లకి ఆపేశాక చాలావరకు మొదటి రెండు రోజుల్లోపే ఫిట్స్ రావొచ్చు, రెండు మూడు రోజులకి వణుకు, మతి తప్పడం, లేనివి కనపడటం, దాన్ని పొగరనుకుని వదిలేస్తే ప్రాణం పోతుంది. ఆత్మహత్య ప్రమాదం కూడా మొదటి రోజుల్లోనే ఎక్కువ, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు, అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది ఉత్త అపోహ. ఇన్సులిన్ వాళ్లుంటే ఆరోజు భోజనం ఎన్నింటికో కనుక్కున్నాకే ఇంజక్షన్, లాక్‌డౌన్ పడి, అంటే అందర్నీ సెల్స్‌లో పెట్టి తాళాలేసి, భోజనం లేటైతే షుగర్ పడిపోయేది మన చేతుల మీదే.

ఇక గార్డుల విషయం. తలుపులు, ఎవరు ఎక్కడికి వెళ్లాలి, ఎమర్జెన్సీలో లోపలికి ఎప్పుడు అడుగుపెట్టాలి, ఇవన్నీ వాళ్ల మాటే, వాళ్లు సరే అనేదాకా ఎంత రక్తం కనపడ్డా ఆగు. కానీ ఎవరికి ఏ వైద్యం అనేది మాత్రం మన మాటే. ఖైదీల్ని ఎలా చూసుకోవాలో చెప్తూ 2015లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న మండేలా రూల్స్‌లో 27వ రూల్ ఇదే చెప్తుంది, వైద్య నిర్ణయాల్ని వైద్యేతర సిబ్బంది కొట్టేయకూడదు అని. 46వది ఇంకా ముఖ్యం, శిక్షలు వేయడంలో మనకి పాత్ర ఉండకూడదు కానీ ఒంటరి సెల్‌లో పెట్టినవాళ్లని వైద్య సిబ్బంది రోజూ చూడాలి. "నాటకాలాడుతున్నాడు మేడమ్" అంటారు, అననీ, నువ్వు బీపీ చూడు.

నేరం సంగతి నేనైతే చూడను. ఒకసారి పొరపాటున తెలిసింది, ఆ మనిషికి కట్టు మార్చేటప్పుడు నా చెయ్యి మామూలు కంటే బరువుగా పడింది, నాకే తెలిసిపోయింది. భద్రతకి తెలియాల్సింది ఏదైనా ఉంటే గార్డులే చెప్తారు.

జాలి కూడా చూసుకుని వాడాలి. ఈ ఉత్తరం పోస్ట్ చేస్తారా, మా అమ్మకి ఒక్క ఫోన్, ఇలా చిన్నదాంతోనే మొదలవుతుంది, ఒకసారి సరేనంటే రెండోసారి "చెప్పేస్తా" అంటాడు. అందరికీ ఒకటే "కుదరదు", నవ్వుతూనే చెప్పు, ఎవరైనా అడిగితే ఆరోజే పైవాళ్లకి రిపోర్ట్ రాసెయ్. నీకు పిల్లలెంతమంది, ఇల్లెక్కడ లాంటివి గార్డుతో కూడా ఖైదీల ముందు మాట్లాడకు.

చేరేముందు రాత్రి షిఫ్ట్‌లో ఎంతమంది నర్సులో, డాక్టర్ ఫోన్‌లో దొరుకుతారో లేదో, నలాక్సోన్ (హెరాయిన్ లాంటి మత్తుమందు మోతాదు మించితే ఇచ్చే విరుగుడు) ఎక్కడ పెడతారో అడిగెయ్. మొహమాటపడకు. చెవులకి వేలాడేవి, మెడలో గొలుసు ఇంట్లో తీసిపెట్టి వెళ్లు, ఐడీ కార్డుకి లాగితే ఊడొచ్చే తాడు అడిగి మరీ తీసుకో.