గుంటూరులో కారం మిల్లు పెడుతున్నాను, రిస్క్ ఎక్కడ ఉంటుంది?

మీరు మూడు అడిగారు: మిర్చి ధర పడిపోతే ఎలా, ఇన్సూరెన్స్ ఎంతవరకు ఆదుకుంటుంది, పూచీకత్తు లేని లోను తీసుకోవచ్చా. కొనేవాళ్లకు సరుకు అరువు ఇవ్వడం ఊసే ఎత్తలేదు. గుంటూరులో కారం మిల్లు నడుపుతున్నవాడిని కాబట్టి నేను దానితోనే మొదలుపెడతాను.

ధర పడితే మిర్చి యార్డులో కళ్లముందే తెలుస్తుంది. అరువు మునిగేది మాత్రం చివరిదాకా బయటపడదు. నూటికి ఐదు రూపాయలు మిగిలే సరుకులో ఒక లక్ష ఎగిరిపోతే, దాన్ని పూడ్చుకోవడానికి 20 లక్షల అమ్మకం చేయాలి.

పక్క జిల్లా హోల్‌సేల్ పార్టీ ఒకాయన మొదట నగదుకే తీసుకునేవాడు. తర్వాత వారం గడువు, ఆ తర్వాత పదిహేను రోజులు, చెప్పిన రోజుకే డబ్బు వేసేవాడు. ఆవకాయ సీజన్ ముందు ఫోన్ చేసి, "రేటు మీరే వేయండి, రెండు లోడ్లు రేపటికి కావాలి" అన్నాడు. కారం కొనేవాడు బేరం ఆడకపోవడమా! పాత బిల్లు తీరితేగాని రెండో లోడు కదలదని చెప్పాను. "ఏం సార్, నమ్మకం లేదా?" అని నవ్వి, మిగతాది వేరే మిల్లుల్లో ఎత్తుకున్నాడు. సీజన్ అయ్యాక షట్టర్ దించేశాడు. నాకు పోయింది ఒక లోడు. పెద్ద మొత్తాలు ఇచ్చినవాళ్లు ఇంకా తిరుగుతున్నారు. ఒక్కో పార్టీకి ఎంతవరకు ఇవ్వాలో సరుకు పంపకముందే పుస్తకంలో రాసుకోండి, మీ బావమరిది అయినా సరే.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) మొదటి అమ్మకానికి ముందే, తయారీ యూనిట్‌గా చేయించండి. 2006 నాటి చిన్న పరిశ్రమల (ఎంఎస్‌ఎంఈ) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి గడువు చెల్లదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. 2023-24 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి, ఆ గడువులోగా గానీ మార్చి 31లోగా గానీ చెల్లించని కొనుగోలుదారుకి ఆ ఖర్చు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చెల్లదు. మా పెద్ద పార్టీల అకౌంటెంట్లు మార్చిలో వాళ్లే ఫోన్ చేస్తున్నారు. కిరాణా కొట్లు మాత్రం దీన్ని లెక్కచేయవు. పైగా కేసు దాకా వెళ్తే ఆ పార్టీని వదులుకున్నట్టే.

ఇక ధర. 2023లో క్వింటాల్ 20 వేలు దాటిన మిర్చి బాగా పడిపోయి, 2025 ఫిబ్రవరిలో కేంద్రమే జోక్యం చేసుకుని క్వింటాల్‌కి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. చేతిలో ఉన్న ఆర్డర్లకు, పైన ఒకటి రెండు నెలల అమ్మకానికి సరిపడా టిక్కీలే (మిర్చి బస్తాలు) కొనండి. పెరుగుతుందని ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టడం వేరే వ్యాపారం, బ్యాంకు డబ్బుతో అసలు వద్దు.

ఇన్సూరెన్స్‌కి, మొత్తం విలువ 5 కోట్లలోపు ఉన్న యూనిట్లకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఉంది. అగ్నిప్రమాదంతో పాటు వరద కూడా అందులోనే వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ని ముంచాక మనవాళ్లకు వరద మాట గుర్తొచ్చింది కానీ, ఎండు మిర్చికి అసలు శత్రువు నిప్పు. పాలసీలో రెండే చూడండి. ఒకటి అడ్రసు: మిల్లు అడ్రసు మాత్రమే ఉంటే కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకుకి రాదు, దాన్ని విడిగా రాయించాలి. రెండోది విలువ: 40 లక్షల సరుకుకి 20 లక్షలకే పాలసీ తీసుకుంటే, 10 లక్షల నష్టానికి చేతికొచ్చేది 5 లక్షలే.

పూచీకత్తు లేని లోను తీసుకోవచ్చు. కాకపోతే అలాంటి లోన్లకు హామీగా ఉండే ప్రభుత్వ గ్యారంటీ ఫండ్ భరోసా బ్యాంకుకే గాని మీకు కాదు. మీరు కట్టకపోతే ఫండ్ బ్యాంకుకి ఇస్తుంది, మీ బాకీ మాత్రం రద్దు కాదు. కాబట్టి మిషన్లకు తీసుకోండి, అరువు ఇవ్వడానికి వాడకండి.